పట్టూ విడుపూ: మొరాయించే బోల్టు దగ్గర

అందరికీ నమస్కారం. సొంత కారును సొంత చేతులతో బాగుచేసుకునేవాళ్లు ఇంతమంది ఒకచోట కూర్చోవడం చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది.

రిపేరు మాన్యువల్ ఏది తీసినా దాదాపు ప్రతి పనీ ఒకేలా మొదలవుతుంది. "ఈ రెండు బోల్టులు విప్పండి" అని ఒక వాక్యం. "ఆ భాగాన్ని బయటికి తీయండి" అని దాని కిందే ఇంకో వాక్యం. చదవడానికి అర నిమిషం పట్టదు. ఆ రెండు వాక్యాల మధ్య మనలో చాలామందికి ఒక రోజు పోయింది, కొందరికి వారం పోయింది. అక్కడే మనసు విరిగి, స్పానర్ల పెట్టె మూసేసి, మళ్లీ తెరవని వాళ్లు కూడా నాకు తెలుసు. మాన్యువల్ రాసినవాళ్లు కొత్త కారు ముందు నిలబడి రాస్తారు. మన ముందున్నది పదేళ్ల వాన, బురద, వేడి తిన్న కారు. ఆ రెండు వాక్యాల మధ్య ఏం జరుగుతుందో, అక్కడ ఎలా మెలగాలో ఇవాళ మాట్లాడతాను.

ముందు ఈ ముక్క చూడండి. ఒకరి తర్వాత ఒకరు చేతిలోకి తీసుకోండి. చిటికెన వేలి గోరంత కూడా లేదు. ఆరు మిల్లీమీటర్ల బోల్టు ముక్క ఇది. ఒక పక్క మరల సందుల్లో తెల్లగా సున్నంలా పట్టుకుని ఉంది చూడండి, అది అల్యూమినియం పొడి. దీని కథ తర్వాత చెబుతాను. ఆ తెల్లపొడిని మాత్రం గుర్తుపెట్టుకోండి.

బోల్టు ఎందుకు పట్టేస్తుందో తెలిస్తే దాని మీద కోపం సగం తగ్గుతుంది. బోల్టును మనం ఒక మేకులా చూస్తాం. నిజానికి అది పని చేసేది స్ప్రింగులా. బిగించినప్పుడు బోల్టు కాస్త సాగుతుంది, సాగినది వెనక్కి రావాలని చూస్తుంది, ఆ లాగుడే రెండు భాగాలను కలిపి పట్టుకుంటుంది. మనం స్పానర్ మీద పెట్టే బలం అంతా ఈ సాగదీతకు పోతుందనుకుంటే పొరపాటు. సుమారుగా చెప్పాలంటే నూటికి 90 వంతులు రాపిడికే పోతుంది. అందులో సగానికి పైగా బోల్టు తల కింద, మిగతాది మరల మధ్య. సాగదీసే పనికి మిగిలేది పది వంతులే. అంటే అన్నీ శుభ్రంగా ఉన్న రోజే రాపిడి వాటా అంత ఉంది. దానికి తుప్పు తోడైతే ఎలా ఉంటుందో ఊహించండి. ఇనుము తుప్పుగా మారితే ముందున్న దానికంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందులో ఆ చోటు ఎక్కడుంది? లేదు. అందుకని అది అటూ ఇటూ నొక్కి, వందల చిన్న చిన్న చీలలు దిగ్గొట్టినట్టు బోల్టును బిగబట్టేస్తుంది.

ఉక్కు బోల్టు అల్యూమినియంలో ఉంటే సంగతి ఇంకో రకం. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో కాస్త తడి. అది చిన్న బ్యాటరీ లాంటిదే. ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియం, మిగిలేది ఆ తెల్లపొడి. ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మూత, వాటర్ పంపు, గేర్‌బాక్స్ కేసింగు, ఇలా అల్యూమినియం ఉన్న ప్రతిచోటా ఇది పొంచి ఉంటుంది. సైలెన్సర్ వైపు బోల్టులకు మరో కష్టం. అవి ప్రతి ప్రయాణంలో కాగుతాయి, చల్లారుతాయి, ఏళ్ల తరబడి అలాగే. వీటిలో ఏ ఒక్కటీ మీ తప్పు కాదు, అంతకుముందు బిగించినవాడి తప్పు కూడా కాకపోవచ్చు.

అయితే ఏం చేయాలి? నేను చెప్పదలచుకున్న పెద్ద మాట ఒకటే. బలం కంటే ముందు చెయ్యి చెప్పేది వినాలి. స్పానర్ మీద చెయ్యి వేసినప్పుడు బోల్టు మీతో మాట్లాడుతుంది. మూడు రకాలుగా మాట్లాడుతుంది, ఆ మూడింటినీ వేరుగా గుర్తుపట్టడం అలవాటు చేసుకోవాలి.

మొదటిది, రాయిలా ఉండటం. ఎంత లాగినా కదలిక లేదు, స్పానర్ వంగుతున్నట్టు అనిపిస్తుంది. ఇది భయపడాల్సిన స్థితి కాదు. బోల్టు ఇంకా పూర్తి ఆరోగ్యంగా ఉంది, పట్టు వదలలేదంతే. రెండోది, "టక్" మని పదునైన చప్పుడుతో ఒక్కసారిగా కదలడం. తుప్పు పట్టు విరిగిన చప్పుడు అది. ఆ తర్వాత బలం చటుక్కున తగ్గిపోతుంది. ఈ పనిలో అంతకంటే తీయని చప్పుడు నేను వినలేదు. మూడోది ప్రమాదం. చప్పుడు ఉండదు. బోల్టు మెల్లగా, మెత్తగా, మైనంలా తిరుగుతుంది. తిరుగుతోంది కాబట్టి వచ్చేస్తోందని మనకు ఆశ పుడుతుంది. కానీ బలం తగ్గదు. తల తిరుగుతోంది, కింద మరలు అక్కడే ఉన్నాయి, మధ్యలో బోల్టు మెలిపడుతోంది. బోల్టు తల మీద 8.8 అని ఉంటుంది చూడండి, దానర్థం ఆ ఉక్కు తెగే బలంలో 80 శాతం దగ్గరే శాశ్వతంగా సాగిపోవడం మొదలుపెడుతుందని. 10.9 అయితే 90 శాతం దగ్గర. చేతికి మెత్తగా తగిలిందంటే ఆ గీత దాటేశామన్నమాట. అక్కడ ఇంకో పావు చుట్టు తిప్పినా బోల్టు రెండు ముక్కలు.

ఆ మెత్తదనం తగలగానే చెయ్యి ఆపేయాలి. వెంటనే ఎదురు దిక్కుకు, అంటే బిగించే వైపుకు, కాస్త తిప్పాలి. ఇక్కడే పట్టూ విడుపూ. కొంచెం విప్పు, కొంచెం బిగించు, నూనె వెయ్యి, మళ్లీ విప్పు. ఎనిమిదో వంతు చుట్టు ముందుకు, పదో వంతు వెనక్కి. ఇలా చేస్తే మరల మధ్య ఉన్న తుప్పు పిండి అవుతుంది, నూనె దానిలోకి దిగుతుంది. ఒకే దిక్కులో లాగుతూ పోతే ఆ పొడి అంతా ముందున్న మరల్లో కూరుకుపోయి మళ్లీ పట్టేస్తుంది. ఒకసారి వెనక షాక్ అబ్జార్బర్ పై బోల్టు ఒకటి ఇలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయడానికి నాకు 40 నిమిషాలు పట్టింది. మొదటి పది నిమిషాల్లో అది తిరిగింది పావు చుట్టు కూడా లేదు. చివరి రెండు నిమిషాల్లో వేళ్లతో తిరిగి వచ్చేసింది.

నూనె మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పుకుందాం. డబ్ల్యూడీ-40 డబ్బా అందరి దగ్గరా ఉంటుంది. 1953లో తయారైంది అది, పేరులో ఉన్నదే దాని అసలు పని: నీటిని తరమడం, 40వ ప్రయత్నంలో కుదిరిన మిశ్రమం. మంచిదే. అయితే పట్టేసిన బోల్టుల కోసమే చేసిన పెనిట్రేటింగ్ ఆయిల్ వేరే ఉంటుంది, ఈ పనికి అదే మేలు. ఏ నూనె అయినా ఒక విషయం మాత్రం మారదు: దానికి సమయం కావాలి. వెంట్రుక కంటే సన్నని సందులోకి అది పాకుతూ వెళ్లాలి. కొట్టిన రెండు నిమిషాలకే స్పానర్ వేసి "నూనె పని చేయలేదు" అనేస్తాం. ఆదివారం పని ఉంటే శుక్రవారం రాత్రే మొదటిసారి కొట్టండి, శనివారం రెండుసార్లు కొట్టండి. కొట్టే ముందు వైర్ బ్రష్‌తో మరల చివర ఉన్న మట్టీ తుప్పూ రుద్దేయండి, లేకపోతే నూనె ఆ మట్టికే సరిపోతుంది. కొట్టాక బోల్టు తల మీద సుత్తితో నిలువుగా నాలుగు దెబ్బలు వేయండి. మరీ బలంగా వద్దు, మోగితే చాలు. ఆ అదురుకి తుప్పులో సన్నని పగుళ్లు వస్తాయి, వాటిలోంచి నూనె దిగుతుంది. బ్రేకు డిస్కుల మీద, ప్యాడ్‌ల మీద మాత్రం ఈ నూనె ఒక్క చుక్క కూడా పడనివ్వకండి.

ఇక పనిముట్లు. దీనిలో నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి, దాచుకోను. పన్నెండు పలకల సాకెట్‌తో పట్టేసిన బోల్టు జోలికి వెళ్లకండి. అది బోల్టు తల మూలలను పట్టుకుంటుంది, మూలలు అరిగితే తల గుండ్రమైపోతుంది. ఆరు పలకల సాకెట్ చదునైన ముఖాల మీద నొక్కుతుంది. సాకెట్ పూర్తిగా కిందిదాకా దిగిందో లేదో వేలితో తడిమి చూడండి. మట్టి గట్టకట్టి సాకెట్ సగమే దిగడం వల్ల చెడిపోయిన బోల్టులే నేను ఎక్కువ చూశాను. రెండోది, బిగుతు మొదట విడగొట్టడానికి రాచెట్ వాడకండి. దాని లోపల ఉన్నవి చిన్న పళ్లు. దానికి పొడుగాటి గట్టి కడ్డీ, బ్రేకర్ బార్, వేరే ఉంది.

కడ్డీ పొడుగైతే బలం ఎంత పెరుగుతుందో ఒక్కసారి లెక్క వేయండి. పాతిక సెంటీమీటర్ల స్పానర్ చివర 20 కిలోల బలం పెడితే తిప్పే బలం సుమారు 50 న్యూటన్ మీటర్లు. అదే 20 కిలోలు మీటరు పొడుగు గొట్టం తొడిగి పెడితే సుమారు 200. మీ చేతికి తేడా తెలియదు, బోల్టుకు తెలుస్తుంది. ఆరు మిల్లీమీటర్ల బోల్టు, అంటే పది నంబరు సాకెట్ పట్టేది, మామూలుగా బిగించేదే పది న్యూటన్ మీటర్లు. దాని మీద గొట్టం తొడిగితే ఇంకేం మిగులుతుంది? పెద్ద బోల్టుకు గొట్టం, చిన్న బోల్టుకు ఓపిక. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న పాఠం.

దిక్కు విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ దానికి బలైన బోల్టులు తక్కువేం కాదు. కారు కింద వెల్లకిలా పడుకుని, తల పైకి ఉన్న బోల్టును చేత్తో తడిమి విప్పుతుంటే ఏది కుడి, ఏది ఎడమ? కుడిచేతి బొటనవేలును బోల్టు ఏ వైపుకు బయటికి రావాలో ఆ వైపుకు చాపండి. మిగతా వేళ్లు ముడుచుకునే దిక్కులో తిప్పాలి. కొన్నిచోట్ల ఎడమ మరలు కూడా ఉంటాయి, పాత క్రైస్లర్ కార్లలో ఎడమవైపు చక్రాల నట్లు అలాంటివే. అనుమానం వస్తే లాగే ముందు చూసుకోండి.

అన్నీ చేసినా కదలకపోతే వేడి. ఉక్కు వేడికి వ్యాకోచిస్తుంది, అల్యూమినియం దానికి సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. పది మిల్లీమీటర్ల ఉక్కును 300 డిగ్రీలు అదనంగా వేడి చేస్తే పెరిగేది మిల్లీమీటరులో వందో వంతులు మూడున్నర, వెంట్రుక మందంలో సగం. అంతే. ఆ సగం వెంట్రుక చాలు, తుప్పు పగులుతుంది. వేడి చేయాల్సింది బోల్టును పట్టుకుని ఉన్న భాగాన్ని, అంటే నట్టునో, చుట్టూ ఉన్న లోహాన్నో. అది విచ్చుకోవాలి. నట్టును బాగా కాచి, కాస్త చల్లారనిచ్చి, అప్పుడు కదిలించి చూడండి. కొన్ని బోల్టులకు కంపెనీవాళ్లే ఎర్ర రంగు థ్రెడ్ లాకర్ జిగురు వేస్తారు, దాన్ని సుమారు 250 డిగ్రీల వేడి తప్ప ఏదీ లొంగదీయదు. అలాంటిచోట నూనె ఎన్ని రోజులు పోసినా ఉపయోగం లేదు.

వేడి గురించి ఒక హెచ్చరిక, దయచేసి శ్రద్ధగా వినండి. పెట్రోలు గొట్టాలు, బ్రేకు గొట్టాలు, రబ్బరు బుష్‌లు, ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఉన్నచోట మంట పెట్టకండి. నూనె కొట్టిన చోట మంట పెట్టే ముందు పూర్తిగా తుడవండి, కాగిన లోహం మీద నూనె కొట్టకండి. ఇంకోటి, బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ ఉన్న ద్రావకాలతో చేసినవి ఉంటాయి. వాటి తడి ఉన్న లోహాన్ని మంటతో కాస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ప్రాణం తీసే వాయువు అది. బ్రేక్ క్లీనర్ వాడిన చోట మంట ఊసే ఎత్తకండి.

ప్రాణం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. జాకీ మీద మాత్రమే నిలబడ్డ కారు కింద తల పెట్టకండి. బలమైన స్టాండ్లు నాలుగు కొనుక్కోండి, స్పానర్ల కంటే ముందు. పట్టేసిన బోల్టును లాగేటప్పుడు మనం కారును పక్కకు ఊపుతున్నాం, ఎత్తడానికి చేసిన జాకీ ఆ ఊపు తట్టుకోదు. చక్రాల నట్లు కారు నేల మీద ఉండగానే ఒక పావు చుట్టు వదులు చేయాలి, తర్వాతే ఎత్తాలి. బోల్టును నెట్టడం కంటే మీ వైపుకు లాగడం మంచిది. నెట్టక తప్పనప్పుడు పిడికిలి బిగించకుండా అరచేత్తో నెట్టండి, జారితే వేళ్ల కణుపులు మిగులుతాయి. పైకి చూస్తూ పని చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, తుప్పు నేరుగా కళ్లలోకే రాలుతుంది.

ఇప్పుడు ఆ ముక్క కథ. మధ్య వరుసదాకా వచ్చినట్టుంది.

థర్మోస్టాట్ మార్చాలి. మూతకు మూడు బోల్టులు. రెండు మర్యాదగా వచ్చేశాయి. మూడోది మొదట రాయిలా ఉంది, తర్వాత తిరగడం మొదలుపెట్టింది, మెత్తగా. ఆ మెత్తదనం నా చేతికి తెలిసింది, నిజం చెబుతున్నాను, తెలిసింది. కానీ రెండు వచ్చేశాయి కదా, ఇది మాత్రం రాదా అనుకున్నాను. తల ఊడి సాకెట్‌లో ఉండిపోయింది. మూత తీస్తే నాలుగు మిల్లీమీటర్ల మొండెం బయటికి నిలబడి ఉంది. చాలా మంచి పరిస్థితి అది. ఆ మొండేన్ని కాచి, ఒక రాత్రి నానబెట్టి, నెమ్మదిగా ఆడిస్తే వచ్చేది. నేను అప్పటికప్పుడు వైస్ గ్రిప్‌తో పట్టి, పళ్లు బిగించి తిప్పాను. అది కూడా తెగింది, ఈసారి అంచుకు సమానంగా. పది నిమిషాల క్రితం థర్మోస్టాట్ మార్చే పని నాది. ఇప్పుడు ఇంజిన్ బ్లాక్‌లో ఇరుక్కున్న బోల్టును తొలిచే పని. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే.

ఈ రంగంలో మనం చేసే నష్టంలో ఎక్కువ భాగం మొదటి బోల్టు విరిగినప్పుడు జరగదు. విరిగిన తర్వాతి పది నిమిషాల్లో జరుగుతుంది. ఆ పది నిమిషాల్లో మన చేతిలో ఉన్నది స్పానర్ కాదు, మన కోపం. మొదటిసారి ఆ బోల్టు వందల సార్లు వేడెక్కి చల్లారిన లోహపు అలసటతో విరిగి ఉండొచ్చు. రెండోసారి మాత్రం నా తొందర వల్లే విరిగింది. అప్పటినుంచీ నాకు నేను ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. ఏదైనా విరిగితే, స్పానర్లు కింద పెట్టి, చేతులు కడుక్కుని, కారు దగ్గరనుంచి దూరంగా వచ్చేస్తాను. ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటాను, అంతే. ఆ ఫొటో కూర్చుని చూసినప్పుడు కనిపించే దారులు, కారు మీద వంగి ఉన్నప్పుడు కనిపించవు. రాత్రి తొమ్మిదింటికి, అలసిపోయి, రేపు పొద్దున కారు కావాలన్న టెన్షన్‌లో తీసుకున్న నిర్ణయం ఏదీ నాకు కలిసి రాలేదు.

రెండు రోజులు బానెట్ మూసే ఉంచాను. మూడో రోజు కూర్చుని ముందు ఆ తెగిన ముఖాన్ని ఆకురాయితో చదును చేశాను. చదును లేకపోతే డ్రిల్ జారుతుంది. సరిగ్గా నడిమధ్యన సెంటర్ పంచ్‌తో ఒక చుక్క పెట్టాను. దాన్ని కుదురుగా పెట్టడానికే పావుగంట పట్టింది, ఎందుకంటే మధ్య తప్పితే డ్రిల్ పక్కకు వెళ్లి మెత్తటి అల్యూమినియంను తినేస్తుంది, ఉక్కును వదిలేస్తుంది. రంధ్రాలన్నిటిలో శుభ్రమైన గుడ్డలు కుక్కాను, రజను లోపలికి పోకుండా. తర్వాత ఎడమ చేతి డ్రిల్ బిట్లు తీసుకున్నాను. మామూలు బిట్లు బిగించే దిక్కులో తిరుగుతూ కోస్తాయి, ఇవి విప్పే దిక్కులో తిరుగుతూ కోస్తాయి. రెండు మిల్లీమీటర్లతో మొదలు, నూనె చుక్క వేస్తూ, తక్కువ వేగంతో. తర్వాత మూడు. మూడున్నర బిట్ లోపలికి దిగుతుండగా ఒక్కసారిగా పట్టుకుంది, డ్రిల్ కుదుపు ఇచ్చింది, నేను మీట వదిలేశాను. చూస్తే బిట్ చివర ఆ ముక్క వేలాడుతోంది. మరలు చెక్కు చెదరలేదు. తొలిచిన వేడీ, అదురూ, విప్పే దిక్కులో లాగుడూ, మూడూ కలిసి రెండు రోజుల క్రితం నా కండబలం చేయలేనిది చేశాయి. మీ చేతిలో ఉన్నది ఆ ముక్కే.

ఇక్కడ ఎక్స్‌ట్రాక్టర్, అంటే విరిగిన బోల్టులో రంధ్రం తొలిచి, దూర్చి తిప్పే ఉక్కు కడ్డీ, ఎందుకు వాడలేదని అడుగుతారు. చాలా గట్టి ఉక్కు అది, గట్టిది కాబట్టే పెళుసు. తల విరిగేంతగా పట్టేసిన బోల్టును, దానికంటే సన్నని కడ్డీ పెట్టి తిప్పుతామంటే ఆ కడ్డీ మీద ఎంత ఆశ పెట్టుకోగలం? అది లోపల విరిగితే మామూలు డ్రిల్ దాన్ని గీకలేదు కూడా. పెద్ద బోల్టుల్లో, పట్టు కాస్త వదులైనచోట పనికొస్తుంది. ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుల్లో నేను దాని జోలికి పోను. వెల్డింగ్ చేసేవాళ్లు దగ్గర ఉంటే, విరిగిన మొండెం మీద ఒక నట్టు పెట్టి లోపలినుంచి వెల్డ్ చేయించడం అన్నిటికంటే మంచి దారి. నట్టు పట్టు ఇస్తుంది, వెల్డింగ్ వేడి తుప్పును పగలగొడుతుంది. మరలే పోతే కూడా కారు పోయినట్టు కాదు. రంధ్రం కాస్త పెద్దది చేసి, కొత్త మరలు కోసి, హెలికాయిల్ అనే ఉక్కు చుట్ట దించితే అల్యూమినియంలో అది మొదటి మరల కంటే గట్టిగా నిలుస్తుంది.

తల గుండ్రమైపోయిన బోల్టు అంత భయం కాదు. కాస్త బిగుతుగా ఉండే సాకెట్‌ను సుత్తితో కొట్టి ఎక్కించండి, లేదా లోపల మెలి పళ్లున్న సాకెట్లు ఉంటాయి, వాటిని వాడండి. ఎలాంటిదైనా మొదటి ప్రయత్నంలోనే గట్టిగా పట్టాలి. ప్రతి జారుడుకూ తల ఇంకాస్త చిన్నదవుతుంది.

ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకోండి: ఈ రెండింటిలో దేన్ని కాపాడాలి? షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తీసుకుందాం. రబ్బరు బుష్ లోపల ఒక ఉక్కు గొట్టం ఉంటుంది, బోల్టు దానిలో తుప్పుతో కలిసిపోతుంది. స్పానర్ వేస్తే తిరుగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. తిరుగుతున్నది బోల్టు కాదు, రబ్బరు మెలిపడుతోంది. గంటల తరబడి దానితో కుస్తీ పడతాం. కానీ షాక్ అబ్జార్బర్ ఎలాగూ పారేసేదే, బోల్టు కొత్తది వేసేదే. కాపాడాల్సింది ఆ బ్రాకెట్టు ఒక్కటే. రంపం తీసుకుని బుష్‌కు రెండు పక్కలా బోల్టును కోసేయండి. పావుగంట పని. స్టడ్, అంటే తల లేని బోల్టు, దాని మీద నట్టు పట్టేస్తే కాపాడాల్సింది స్టడ్‌ను, అందుకని నట్టును నట్ స్ప్లిటర్‌తో చీల్చండి. దేన్ని వదులుకోవచ్చో తెలిశాక చెయ్యి తేలికవుతుంది.

అందుకే పని మొదలుపెట్టకముందే కొత్త బోల్టులు తెచ్చి పెట్టుకోండి. తల మీద ఉన్న అంకె అదే ఉండాలి, పొడుగు అదే ఉండాలి, మర కూడా అదే ఉండాలి. పది మిల్లీమీటర్ల బోల్టుల్లో ఒక మరకూ పక్క మరకూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు దూరం ఉన్నవీ, ఒకటింపావు ఉన్నవీ రెండూ కార్లలో కనిపిస్తాయి. చూడ్డానికి కవలల్లా ఉంటాయి, ఒకదాని చోట ఇంకొకటి రెండు చుట్లు దిగి అక్కడ మరలను పాడుచేస్తుంది. కొత్త బోల్టు చేతిలో ఉంటే పాతదాన్ని కోయడానికి మనసు వెనకాడదు. గేర్‌బాక్స్ నూనె మార్చేవాళ్లు కింది ప్లగ్ ముట్టుకోకముందే, నూనె పోసే పై ప్లగ్ వస్తుందో లేదో విప్పి చూసుకోండి. నూనె అంతా కారిపోయాక పైది రాకపోతే కారు కదలదు.

తిరిగి బిగించేటప్పుడు చేసే పని వచ్చేసారి మీకోసం మీరు చేసుకునే ఉపకారం. మరలను వైర్ బ్రష్‌తో రుద్దండి. రంధ్రంలో ట్యాప్, అంటే మరలు కోసే పనిముట్టు, మెల్లగా ఒకసారి తిప్పి పొడి తీసేయండి. బోల్టును ముందు విప్పే దిక్కులో వేళ్లతో తిప్పండి, ఒకచోట చిన్నగా కిందికి దిగినట్టు తెలుస్తుంది, అక్కడినుంచి బిగించండి. కనీసం నాలుగు చుట్లు వేళ్లతోనే దిగాలి. సైలెన్సర్ బోల్టులకు, అల్యూమినియంలో దిగే ఉక్కు బోల్టులకు పలచగా యాంటీ సీజ్, అంటే మరలు పట్టేయకుండా ఆపే పేస్టు, పూయండి. అది పూస్తే రాపిడి తగ్గుతుంది, కాబట్టి మాన్యువల్‌లో పొడి మరలకు ఇచ్చిన టార్క్‌ను, అంటే బిగించే బలాన్ని, తగ్గించాలి. లేకపోతే తెలియకుండానే బోల్టును ఎక్కువ సాగదీస్తాం. చక్రాల స్టడ్‌లకు మాన్యువల్ చెప్పకపోతే ఏదీ పూయకండి, శుభ్రంగా పొడిగా ఉంచండి. సిలిండర్ హెడ్ బోల్టుల్లో ఒకసారి సాగాక మళ్లీ వాడకూడనివి ఉంటాయి, వాటిని కొత్తవే వేయాలి.

ఇంట్లో చేయకూడని పనులు కూడా ఉన్నాయి. సిలిండర్ హెడ్ లోపల విరిగిన బోల్టు, సస్పెన్షన్ స్ప్రింగు నొక్కే పని, ఎయిర్‌బ్యాగ్ పక్కన పట్టేసిన బోల్టు, వీటిని చేతికి అలవాటు ఉన్న మెకానిక్‌కు ఇవ్వడంలో ఏ చిన్నతనమూ లేదు. విరిగిన బోల్టును మొదటి ముక్క దగ్గరే తీసుకెళ్తే వాళ్లకు అరగంట పని. మనం నాలుగు రకాల ప్రయోగాలు చేశాక తీసుకెళ్తే వాళ్లకూ కష్టమే.

ఏమైనా అడగాలా? వెనక వరుసలో ఒకరు చెయ్యెత్తారు. బ్రేకు బ్లీడర్ స్క్రూ, అంటే బ్రేకు ద్రవంలోంచి గాలి తీసే చిన్న స్క్రూ, విప్పబోతే విరిగింది, ఏం చేయాలి అంటున్నారు.

చాలామందికి ఎదురయ్యేదే ఇది. బ్లీడర్ స్క్రూ మధ్యలో బోలుగా ఉంటుంది, ద్రవం రావాలి కదా. అందుకే బయటికి కనిపించేంత బలం దానికి లేదు. ముందురోజునుంచే నానబెట్టాలి, పక్కన కాలిపర్ మీద, అంటే బ్రేకు ప్యాడ్‌లను డిస్కుకు నొక్కే భాగం మీద, సుత్తితో తట్టాలి, ఆరు పలకల చిన్న సాకెట్‌తో, మణికట్టు బలంతోనే ఆడించాలి. లోపల బోలుగా ఉన్న చోట సరిపోయే మందం డ్రిల్ బిట్‌ను వెనక భాగంతో దూర్చి ఉంచితే మెలి తట్టుకోవడానికి కొంత ఆసరా దొరుకుతుంది. విరిగిపోయిందంటే నేనైతే కాలిపర్ మార్చేస్తాను. బ్రేకుల దగ్గర తొలచడం, అతకడం వద్దు. మార్చేటప్పుడు గొట్టం నట్టుకు మామూలు స్పానర్ వేయకండి, చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానర్ వేయండి, లేకపోతే ఇంకో కథ మొదలవుతుంది. కొత్తది బిగించాక గాలి అంతా తీసి, పెడల్ గట్టిగా తొక్కి పట్టి ఒక నిమిషం ఉంచండి. మెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఇంకొకరిని పెడల్ తొక్కమని, మీరు టార్చి పట్టుకుని ప్రతి అతుకునూ చూడండి. పెడల్ రాయిలా నిలబడేదాకా ఆ కారును స్టాండ్ల మీదనుంచి దించకండి.